తాళం వేసి గొళ్లెం మరిచిన బ్యాకప్‌లు

2021 మార్చి 10, అర్ధరాత్రి 12 గంటల 47 నిమిషాలు. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బోర్గ్‌లో ఓవీహెచ్ క్లౌడ్ సంస్థ డేటా సెంటర్‌లో మంటలు లేచాయి. ఎస్‌బీజీ-2 అనే అయిదంతస్తుల భవనం పూర్తిగా కాలిపోయింది. పక్కనున్న ఎస్‌బీజీ-1లోనూ కొంత భాగం పోయింది. రస్ట్ అనే ఆన్‌లైన్ గేమ్ ఐరోపా సర్వర్ల డేటా మళ్లీ రాలేదు. బ్యాకప్‌కు డబ్బు కట్టిన కస్టమర్లలో కొందరు, తమ బ్యాకప్ కూడా అక్కడే ఉండేదని తర్వాత తెలుసుకుని కోర్టుకెక్కారు. కాపీ ఉంది, అసలుతో పాటే కాలింది.

ఆన్‌లైన్ వ్యాపారం చేసేవాళ్లను బ్యాకప్ ఉందా అని అడిగితే దాదాపు అందరూ ఉందనే చెబుతారు. అందులో అబద్ధమేమీ ఉండదు. అయితే అడగాల్సిన ప్రశ్న మరొకటి ఉంది: అసలుకూ కాపీకీ ఉమ్మడిగా ఏముంది? ఒకే కప్పు కింద ఉన్నాయా, ఒకే పాస్‌వర్డ్‌తో తెరుచుకుంటాయా, ఒకే క్రెడిట్ కార్డు మీద బిల్లు పడుతుందా, రెండిటి సంగతీ తెలిసిన మనిషి ఒక్కడేనా? డేటా పోగొట్టుకున్న సంస్థల కథలు తిరగేస్తే, కాపీలు లేక మునిగినవాటికంటే ఉన్న కాపీలన్నీ ఒకే మేకుకు వేలాడుతూ ఉండి మునిగినవే ఎక్కువ పాఠం చెబుతాయి.

కాపీ అసలే లేని కథలూ ఉన్నాయి. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీల దగ్గర నిప్పు పుట్టింది. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్, 858 టెరాబైట్లు, బూడిదైంది. మరీ పెద్దది కాబట్టి బయట బ్యాకప్ పెట్టలేదన్నది అధికారుల వివరణ.

ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే కోడ్ స్పేసెస్ అనే సంస్థది ఇంకో రకం. 2014 జూన్‌లో దాని అమెజాన్ క్లౌడ్ కంట్రోల్ ప్యానెల్‌లోకి ఎవరో చొరబడి డబ్బు అడిగారు. సంస్థ పాస్‌వర్డ్‌లు మార్చబోయేసరికి, చొరబడినవాడు అప్పటికే చేసిపెట్టుకున్న వేరే లాగిన్‌లతో సర్వర్లు, డిస్కులు, స్నాప్‌షాట్లు (డిస్కుకు ఒక క్షణాన తీసిన నకళ్లు), బ్యాకప్‌లు వరసగా తుడిచేశాడు. పన్నెండు గంటల్లో వ్యాపారమే మూతపడింది. అక్కడ కాపీలకు కొదవ లేదు. అన్నీ ఒకే లాగిన్ వెనక ఉన్నాయి.

ఇక అలాంటి సేవే నడిపే గిట్‌ల్యాబ్‌లో 2017 జనవరి 31 నాటి ఘటన. సంస్థ దాచకుండా మొత్తం బయటపెట్టింది కాబట్టి వివరంగా చూడొచ్చు. రాత్రి పొద్దుపోయాక ఒక ఇంజనీరు, మొరాయిస్తున్న రెండో డేటాబేస్ సర్వర్‌లోని ఫోల్డర్‌ను ఖాళీ చేయబోయి అసలు సర్వర్‌లో ఆ కమాండ్ కొట్టాడు. ఒకటి రెండు సెకన్లలో తప్పు గ్రహించి ఆపాడు. అప్పటికే దాదాపు 300 గిగాబైట్ల డేటాలో మిగిలింది నాలుగున్నర గిగాబైట్లు. తర్వాత ఒక్కొక్క బ్యాకప్ తలుపూ తట్టారు. రోజువారీ డంప్ (డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైలుగా తీసిన కాపీ) దాచే బకెట్, అంటే క్లౌడ్ ఫోల్డర్, తెరిస్తే ఖాళీ. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ 9.6, డంప్ తీసే ప్రోగ్రాం 9.2, వెర్షన్ కుదరక ఎప్పటినుంచో ఫెయిలవుతూనే ఉంది. ఫెయిలైనట్టు మెయిళ్లూ వెళ్లాయి, కానీ డీమార్క్ (మెయిల్ అసలైనదేనా అని తేల్చే పద్ధతి) ధ్రువీకరణ లేదని మెయిల్ సర్వర్ వాటిని తిప్పికొట్టింది. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌లోని డిస్క్ స్నాప్‌షాట్లు డేటాబేస్ సర్వర్లకు ఆన్ చేసి లేవు. చివరికి కాపాడింది, వేరే పని కోసం ఆరు గంటల ముందు చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్. దాన్ని నెమ్మది డిస్కుల నుంచి లాగి సైటు నిలబెట్టడానికి 18 గంటలు పట్టింది. ఆ ఆరు గంటల్లో చేరిన సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాల వివరాలు పోయాయి.

తాళం వేసితిని, గొళ్లెం మరచితిని అన్న సామెత దీనికే పుట్టిందా అనిపిస్తుంది. ఆ బ్యాకప్‌లన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే: ఎవరూ తెరిచి చూడకపోవడం.

చిన్న దుకాణం సంగతి

ఇవన్నీ పెద్ద సంస్థలు. ఒక మామూలు సైటును తీసుకుందాం. ఊరగాయలో, మంగళగిరి చీరలో అమ్ముతుంది. వూకామర్స్ అనే దుకాణం సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది, నెల అద్దెకు ఒక వర్చువల్ సర్వర్, రోజుకు 200 ఆర్డర్లు. రాత్రి 2 గంటలకు డేటాబేస్ డంప్ అదే సర్వర్ డిస్కు మీద పడుతుంది. హోస్టింగ్ వాళ్ల స్నాప్‌షాట్ వారానికొకటి ఉంటుంది. సైటు కట్టిన కుర్రాడి ల్యాప్‌టాప్‌లో ఆర్నెల్ల కిందటి కాపీ ఉంటుంది. లెక్కకు మూడు కాపీలు. సర్వర్ బిల్లు కట్టక ఖాతా ఆగిపోయినా, హోస్టింగ్ లాగిన్ ఎవరి చేతికో చిక్కినా మొదటి రెండూ ఒకేసారి మాయం. మూడోదాంతో నిన్నటి ఆర్డర్లు రావు.

పైగా అదే డిస్కు మీద పడే డంప్‌లు ఇంకో ముప్పు తెస్తాయి. పాతవి తీసేసే ఏర్పాటు లేకపోతే ఒకరోజు డిస్కు నిండిపోతుంది. సైటు డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ రాయడానికి చోటు లేక ఆగిపోతుంది. బ్యాకపే సైటును పడగొట్టడమన్నమాట. కంచే చేను మేయడం అంటే ఇదే. మైఎస్‌క్యూఎల్ 8లో మార్పుల చిట్టాను, అంటే బైనరీ లాగ్‌ను, 30 రోజులు ఉంచడం డిఫాల్ట్ కాబట్టి రద్దీ సైట్లలో అదీ ఈ భారాన్ని పెంచుతుంది.

ఇక డంప్ తీసే లైను. చాలా సర్వర్లలో కనిపించే రూపం ఇది: డంప్ తీసే మైఎస్‌క్యూఎల్‌డంప్ నడుస్తుంది, దాని అవుట్‌పుట్ పైప్‌లో, ఫైలును కుదించే జీజిప్‌కు వెళ్తుంది, తేదీ పేరుతో ఫైలు తయారవుతుంది. పైప్‌తో కలిపిన కమాండ్లలో షెల్, అంటే కమాండ్లు నడిపే ప్రోగ్రాం, చివరి కమాండ్ ఫలితాన్నే చూస్తుంది. డేటాబేస్ పాస్‌వర్డ్ మారి డంప్ మొదటి అడుగులోనే ఆగిపోయినా, జీజిప్ తన పని బుద్ధిగా ముగించి, ఏమీ లేనిదాన్ని కుదించి దాస్తుంది. ఆ ఫైలు సైజు 20 బైట్లు. లైను మొత్తం సక్సెస్ అయినట్టే లెక్క, ఫోల్డర్‌లో రోజుకో ఫైలు తేదీలతో ముచ్చటగా పేరుతుంది. దీనికి విరుగుడు స్క్రిప్టు మొదట్లో పైప్‌ఫెయిల్ అనే సెట్టింగ్ పెట్టడం. మధ్యలో ఏది తప్పినా మొత్తం తప్పినట్టే లెక్కవుతుంది.

అంతటితో సరిపోదు, డంప్ సగంలో తెగిపోవచ్చు. పూర్తయిన డంప్ చివరి వరుసలో డంప్ కంప్లీటెడ్ అని తేదీతో సహా ఉంటుంది. స్క్రిప్టు ఆ వరుస కోసం చూడాలి, ఫైలు సైజు నిన్నటికంటే పదిశాతం పైగా తగ్గితే కేకవేయాలి. సింగిల్ ట్రాన్సాక్షన్ అనే ఆప్షన్ పెడితే ఇన్నోడీబీ రకం టేబుళ్లు ఒకే క్షణపు చిత్రంలా వస్తాయి, అమ్మకాలు ఆగవు. పాత సైట్లలో ఇంకా మైఐశామ్ అనే పాత రకం టేబుళ్లు ఉంటే వాటికి ఈ ఆప్షన్ పనిచేయదు, ముందు ఇన్నోడీబీకి మార్చుకోవాలి. డేటాబేస్ ఒక్కటే దుకాణం కాదు కూడా. సరుకు ఫొటోలు, థీమ్ ఫైళ్లు, పేమెంట్ గేట్‌వే తాళాలు (యాక్సెస్ కీలు) ఉన్న కాన్ఫిగ్ ఫైలు విడిగా వెళ్లాలి.

డంప్ పోయే చోటు విషయంలో ఒక సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. సర్వర్ దగ్గరుండే తాళంతో బయటి స్టోరేజీలో ఫైలు పెట్టడం మాత్రమే సాధ్యపడాలి, తీసేయడం సాధ్యపడకూడదు. అమెజాన్ ఎస్-3 తరహా ఆన్‌లైన్ స్టోరేజీలో రాసే అనుమతి ఒక్కటే ఇచ్చిన తాళం తయారుచేయొచ్చు. వెర్షనింగ్, అంటే పాత ప్రతులను ఉంచే ఏర్పాటు, ఆన్ చేస్తే అదే పేరుతో మళ్లీ రాసినా పాతది చెరగదు. ఆబ్జెక్ట్ లాక్ అనే ఏర్పాటులో కంప్లయెన్స్ మోడ్ పెట్టి 30 రోజుల గడువిస్తే ఆ ఖాతా యజమాని కూడా గడువులోగా ఫైలు తీసేయలేడు. కోడ్ స్పేసెస్‌కు లేనిది ఇదే. ఆ స్టోరేజీ వేరే కంపెనీలో, వేరే ఈమెయిల్ మీద, వేరే కార్డు మీద ఉంటే మరీ మేలు. ఆస్ట్రేలియా పింఛను నిధి యూనిసూపర్‌కు 2024 మేలో ఈ విలువ తెలిసొచ్చింది. గూగుల్ లోపలి టూల్‌లో ఒక గడి ఖాళీగా వదిలేయడంతో దాని ప్రైవేట్ క్లౌడ్‌కు ఏడాది గడువు పడి, ఆ గడువు తీరగానే దానంతటదే డిలీటైపోయింది. ఆరు లక్షల పైచిలుకు సభ్యులు రోజుల తరబడి ఖాతా చూసుకోలేకపోయారు. అయినా తిరిగి నిలబడిందంటే, విడిగా ఉన్న బ్యాకప్‌లు, అందులోనూ వేరే సంస్థ దగ్గర ఉంచుకున్నవి, పోకుండా ఉండటం వల్లే.

దూరం కోసం విదేశాలకే వెళ్లనక్కర్లేదు. అమెజాన్‌కు 2016 నుంచి ముంబైలో, 2022 నవంబర్ నుంచి హైదరాబాద్‌లో రీజియన్లు, అంటే డేటా సెంటర్ల సముదాయాలు, ఉన్నాయి. సర్వర్ ముంబైలో, కాపీ హైదరాబాద్‌లో పెడితే కప్పు వేరవుతుంది. ఖాతా ఒకటే అయితే తాళం మాత్రం ఒకటే అని గుర్తుంచుకోవాలి.

ఖర్చు భయపెట్టేంత కాదు. కుదించిన డంప్ 400 మెగాబైట్లు అనుకుందాం. గంటకొకటి చొప్పున 24, రోజువి 14, వారానివి 8, నెలవి 12 ఉంచితే 58 కాపీలు, 23 గిగాబైట్ల చిల్లర. గిగాబైటుకు నెలకు రెండు మూడు రూపాయల స్థాయి ధర మీద 70 రూపాయలు దాటదు. 30 రోజుల లాక్ పెట్టినవి గడువుదాకా తీసేయలేం కాబట్టి అవి కలిస్తే ఈ లెక్క పెరుగుతుంది. డంప్‌ను ఎన్‌క్రిప్ట్ చేస్తే ఆ తాళం కాగితం మీద రాసి బీరువాలో పెట్టాలి. తాళం ఆ సర్వర్‌లోనే ఉండి సర్వర్ పోతే 58 కాపీలూ చిత్తు కాగితాలే.

రెప్లికా సర్వర్, అంటే అసలు దాంట్లోని ప్రతి మార్పునూ వెంటనే నకలు చేసే రెండో సర్వర్, ఉంది కదా అనే ధీమా కొందరికి ఉంటుంది. రెప్లికా అసలు సర్వర్ ఆగిపోయినప్పుడు అక్కరకొస్తుంది. అసలు దాంట్లో ఎవరైనా టేబుల్ చెరిపేస్తే రెప్లికా కూడా సెకనులోపే చెరిపేస్తుంది, విధేయంగా.

తిరిగి తెచ్చాక మొదలయ్యే తలనొప్పి

బ్యాకప్ సలహాలు సాధారణంగా రిస్టోర్ చేయండి అన్న మాటతో ముగుస్తాయి. దుకాణానికి అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. రాత్రి 2 గంటల డంప్ ఉంది, సాయంత్రం 5 గంటలకు డేటాబేస్ పోయింది. డంప్‌లో చివరి ఆర్డరు నంబరు 10481. పొద్దుట్నుంచి వచ్చిన 10482 నుంచి 10630 దాకా ఆర్డర్లు సైటుకు తెలియవు. కొన్నవాళ్ల ఫోన్లలో మాత్రం ఆ నంబర్లతో ఎస్‌ఎంఎస్‌లున్నాయి, వాళ్ల డబ్బు గేట్‌వేలో ఉంది, కొన్ని పార్సిళ్లు కొరియర్ బండి ఎక్కేశాయి.

ఇప్పుడు సైటు తెరిస్తే వచ్చే కొత్త కస్టమర్‌కు 10482 నంబరు పడుతుంది. ఒకే నంబరుకు ఇద్దరు మనుషులు. ఎవరి ఫోన్‌కు ఏ జవాబు చెప్పాలో తెలియదు, ఎవరి రీఫండ్ ఎవరికి పోతుందో చెప్పలేం. అందుకే తెరిచేముందే ఆటో ఇంక్రిమెంట్ (డేటాబేస్ ఇవ్వబోయే తర్వాతి నంబరు) విలువను 20000 లాంటి దూరపు అంకెకు జరపాలి. వూకామర్స్‌లో ఆర్డర్లకు కొత్త టేబుళ్లు వచ్చినా నంబరు పుట్టేది పోస్టుల టేబుల్ నుంచే కాబట్టి జరపాల్సింది అక్కడ.

ఇన్‌వాయిస్ నంబర్లది మరో పేచీ. సీజీఎస్‌టీ (కేంద్ర జీఎస్‌టీ) నిబంధన 46 ప్రకారం ఇన్‌వాయిస్‌కు 16 అక్షరాలు మించని వరుస సంఖ్య ఉండాలి, ఆ ఆర్థిక సంవత్సరంలో అది మళ్లీ రాకూడదు. రిస్టోర్ చేసిన సైటు పొద్దుటి నంబర్లనే మళ్లీ జారీచేస్తుంది. అదే నిబంధన ఒకటికంటే ఎక్కువ సిరీస్‌లకు అనుమతిస్తుంది కాబట్టి, రిస్టోర్ తర్వాత ముందు అక్షరాలు మార్చి కొత్త సిరీస్ మొదలుపెట్టడం సులువైన దారి. పాత బిల్లులను వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాలని చట్టం చెబుతుంది. వాటిని పీడీఎఫ్‌లుగా విడిగా ఉంచడం మంచిది.

ఎక్కువమంది దెబ్బతినేది నేపథ్యంలో నడిచే పనుల దగ్గర. రాత్రి 2 గంటలకు డబ్బు కోసం ఎదురుచూస్తున్న ఆర్డర్లు డంప్‌లో పెండింగ్‌గా ఉంటాయి. వాటిలో కొన్నిటికి 2:05కే డబ్బు వచ్చింది, కానీ డంప్‌కు ఆ సంగతి తెలియదు. సైటు లేవగానే, వేళకు పనులు నడిపే క్రాన్ నిద్రలేచి, గడువు దాటిందని వాటిని రద్దుచేస్తుంది, సరుకు స్టాకులో కలుపుతుంది, సెట్టింగ్‌ను బట్టి రద్దయిందని కస్టమర్‌కు మెయిల్ కూడా పంపొచ్చు. అందువల్ల రిస్టోర్‌కు ముందే క్రాన్, బయటికెళ్లే మెయిల్, ఎస్‌ఎంఎస్ మూడూ ఆపాలి. లెక్కలు సరిచూసుకున్నాకే ఒక్కొక్కటీ వదలాలి.

పోయిన 149 ఆర్డర్లను ఎక్కడ వెతకాలి? మొదట గేట్‌వే డ్యాష్‌బోర్డులో. రాత్రి 2 గంటల నుంచి సాయంత్రం 5 దాకా చెల్లింపుల జాబితా దింపుకుంటే పేమెంట్ ఐడీ, మొత్తం, ఫోన్ నంబరు దొరుకుతాయి. ఏం కొన్నారో మాత్రం గేట్‌వేకు తెలియదు, క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లు అందులో ఉండవు. కొరియర్ పోర్టల్‌లో చిరునామాలుంటాయి. ఈ రెండిటికంటే పనికొచ్చేది చవకైన చిట్కా ఒకటుంది: ప్రతి కొత్త ఆర్డరు మెయిల్ ఒక కాపీ, ఈ సర్వర్‌తోనూ ఈ డొమైన్‌తోనూ సంబంధం లేని ఒక మెయిల్ పెట్టెకు వెళ్లేలా పెట్టడం. అందులో పేరు, సరుకు, సైజు, చిరునామా అన్నీ ఉంటాయి. సాయంత్రానికి అదొక రెండో చిట్టా పుస్తకం. ఇందుకు గంట పని చాలు, సైటు కట్టేవాళ్లు ఎందుకు పెట్టరో అర్థం కాదు.

గేట్‌వేలు జవాబు రాని వెబ్‌హుక్‌ను, అంటే చెల్లింపు అందిందని సైటుకు పంపే కబురును, మళ్లీ మళ్లీ పంపుతాయి. సైటు లేచాక అవి గుంపుగా వచ్చి పడతాయి, ఒకే చెల్లింపు కబురు రెండు మూడుసార్లూ రావచ్చు. పేమెంట్ ఐడీని యునిక్‌గా ఉంచి, ఒకసారి నమోదైనది మళ్లీ వస్తే వదిలేసేలా కోడ్ లేకపోతే ఒకే చీర ఒకే ఇంటికి రెండుసార్లు బయల్దేరుతుంది.

ఎంతవరకు డేటా పోతే ఓర్చుకోగలం, ఎంతసేపట్లో లేవాలి అనే రెండు కొలతలను పరిశ్రమలో ఆర్‌పీఓ, ఆర్‌టీఓ అంటారు. ఆన్‌లైన్ అమ్మకందార్లకు ఆర్‌టీఓ అంటే తిరిగొచ్చిన పార్సిల్ కాబట్టి, డెవలపర్‌తో మాట్లాడేటప్పుడు ఈ మాట ఇద్దరికీ రెండు రకాలుగా వినబడుతుంది. గంటల్లో చెప్పుకోవడమే నయం. 500 గిగాబైట్ల ఫొటోలను సెకనుకు 100 మెగాబిట్ల లైను మీద దింపడానికి, లైను పూర్తి వేగంతో నడిచినా 11 గంటలు పడుతుంది. అరగంటలో లేస్తామని ఎవరైనా మాటిస్తే ఈ భాగహారం చేసి చూపించమనాలి.

డేటా భద్రం, దుకాణం బంద్

సైటు ఆగిపోవడానికి డేటా పోనక్కర్లేదు. డొమైన్, హోస్టింగ్, డేటాబేస్, గేట్‌వే, ఓటీపీ ఎస్‌ఎంఎస్ ఈ అయిదూ ఒక్కొక్కటి 99.9 శాతం పనిచేస్తాయనుకుంటే, ఒక్కోటి నెలకు 43 నిమిషాలు ఆగుతుంది. కొనుగోలు పూర్తి కావాలంటే అయిదూ ఒకేసారి పనిచేయాలి కాబట్టి, కలిపి చూస్తే 99.5 శాతమే వస్తుంది. నెలకు మూడున్నర గంటలు. ఏ కంపెనీ హామీ తప్పకుండానే ఇంత.

పెద్దవాళ్లూ తమ మీద తామే ఆధారపడి బోర్లా పడ్డారు. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్-3లో తప్పుగా కొట్టిన ఒక కమాండ్ వల్ల నాలుగు గంటలు సగం ఇంటర్నెట్ తల్లడిల్లింది. సేవల స్థితి చూపే సొంత పేజీ కూడా ఎస్-3 మీదే నడవడంతో, అమెజాన్ అందులో ఎర్ర గుర్తు కూడా పెట్టలేకపోయింది. సైటు ఆగిందని చెప్పే పేజీ, కస్టమర్లకు కనిపించే వాట్సాప్ నంబరు ఆ సర్వర్‌కు బయట ఎక్కడో ఉండాలి. డొమైన్ పేరుకు సర్వర్ చిరునామా చెప్పే డీఎన్ఎస్‌లో టీటీఎల్, అంటే ఆ చిరునామాను గుర్తుంచుకునే గడువు, 3600 సెకన్లుంటే సైటును వేరే సర్వర్‌కు మళ్లించినా గంటదాకా కొందరు పాతచోటికే పోతారు. 300 పెట్టుకుంటే అయిదు నిమిషాలు.

మన ఊళ్లలో సైట్లు ఆగే కారణాల్లో డొమైన్ కూడా ఒకటి. చాలాసార్లు డొమైన్ కొన్నది వ్యాపారి కాదు, సైటు కట్టిన కుర్రాడు, తన ఈమెయిల్ మీద. అతను ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లిపోతే రెన్యూవల్ మెయిళ్లు ఎవరూ చూడని పెట్టెలో పడుతుంటాయి. డాట్ కామ్ డొమైన్ గడువు తీరి రిజిస్ట్రార్, అంటే డొమైన్ అమ్మిన సంస్థ, వదిలేశాక, అదనపు రుసుముతో విడిపించుకునే 30 రోజులు, ఆపై 5 రోజులు, అంతే. తర్వాత ఎవరైనా కొనుక్కోవచ్చు. డొమైన్ ఖాతా ఈమెయిల్ ఆ డొమైన్ మీదే ఉంటే పరిస్థితి ఇంకా వింతగా ఉంటుంది. డొమైన్ ఆగితే మెయిల్ ఆగుతుంది, మెయిల్ రాకపోతే పాస్‌వర్డ్ మార్చుకోలేరు, పాస్‌వర్డ్ లేకపోతే డొమైన్ విడిపించలేరు.

సైటు కనెక్షన్ సురక్షితమని బ్రౌజర్‌కు చూపే సర్టిఫికెట్ల గడువూ కుదించుకుపోతోంది. బ్రౌజర్ కంపెనీలు, సర్టిఫికెట్ సంస్థలు కుదుర్చుకున్న నియమం ప్రకారం గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100, 2029 మార్చి 15 నుంచి 47. ఏడాదికోసారి చేత్తో మార్చుకునే రోజులు పోతున్నాయి. ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2025 జూన్ నుంచి గడువు గుర్తుచేసే మెయిళ్లు ఆపేసింది. ఆటోమేటిక్ రెన్యూవల్ ఆగిందో లేదో బయటినుంచి చూసే మానిటర్ ఒకటి పెట్టుకోవాల్సిందే.

చట్టం వైపు రెండు మాటలు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనను గుర్తించిన 6 గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నిర్వచనంలో డేటా బయటికి పొక్కడమే కాదు, నాశనం కావడం, అందకుండా పోవడం కూడా ఉల్లంఘన కిందికే వస్తాయి. దొంగ ఎవరూ లేకపోయినా, కస్టమర్ల వివరాలున్న డిస్కు కాలిపోయిందంటే ఆ నిర్వచనం తగులుతుంది.

మూణ్నెల్లకోసారి ఒక రిహార్సల్ చేయాలి, దసరా, సంక్రాంతి సేల్‌కు ముందైతే తప్పనిసరిగా. ఖాళీ సర్వర్ ఒకటి గంటల లెక్కన అద్దెకు తీసుకుని, బయటి స్టోరేజీలోని కాపీ మాత్రమే వాడి, సైటు కట్టిన మనిషి కాకుండా ఇంకొకరు నిలబెట్టి చూడాలి. నిన్నటి ఆర్డర్లు పది తీసుకుని గేట్‌వే జాబితాతో పోల్చాలి. మొదటిసారి ఎక్కడో ఒకచోట ఆగుతుంది. కాన్ఫిగ్ ఫైలు కాపీలో లేదనో, ఎన్‌క్రిప్షన్ తాళం దొరకలేదనో, ఓటీపీ పాత ఉద్యోగి ఫోన్‌కు వెళ్తోందనో. ఆగిన ప్రతిచోటా ఒక వరుస రాసుకుంటే, అదే ఆపద సమయంలో చూసుకునే కాగితం అవుతుంది: రిజిస్ట్రార్ పేరు, ఖాతా ఎవరి మెయిల్ మీద ఉంది, రెండో దశ ధ్రువీకరణ రికవరీ కోడ్‌లు, బయటి స్టోరేజీ తాళం, గేట్‌వే సపోర్టు నంబరు, క్రాన్ ఆపే విధానం, ఆర్డరు నంబరు జరపాల్సిన చోటు. దాన్ని ప్రింటు తీసి గల్లాపెట్టెలో పెట్టాలి. ఆ సర్వర్‌లోనే ఒక ఫైలుగా దాచినవాళ్లు కూడా ఉన్నారు.